11 ఏళ్ల గ్యాప్ తర్వాత పోస్ట్ బేసిక్ నర్సింగ్‌లో (డిప్లొమా నర్సులు చేసే రెండేళ్ల డిగ్రీ) చేరాలనుంది, ఇద్దరు పిల్లలు, బెంగళూరు. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి

కె.ఆర్.పురం అమ్మ:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది మదనపల్లె దగ్గర పల్లె. 2006లో ఇంటర్ అవగానే జి.ఎన్.ఎం.లో, అంటే నర్సింగ్ డిప్లొమాలో చేరాను, అప్పుడు కోర్సు మూడున్నరేళ్లు. 2010లో రిజిస్ట్రేషన్ చేయించుకుని తిరుపతిలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో మెడికల్ వార్డులో మూడేళ్లకు పైగా చేశాను. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చేశాం. ఇక్కడా కొన్నాళ్లు చేసి, బాబు కడుపులో ఉండగా ఏడో నెలలో మానేశాను. అది 2014. మళ్లీ వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. బాబుకు రెండేళ్లు రానీ అనుకున్నాను, ఆ తర్వాత అత్తమ్మకు మోకాళ్ల ఆపరేషన్, ఆ తర్వాత కరోనా, అందులోనే పాప. ఇప్పుడు బాబు ఆరో తరగతి, పాప యు.కె.జి. నాకు 36.

రెండు నెలల కిందట మామయ్యగారికి న్యుమోనియా వస్తే ఇక్కడే ఒక హాస్పిటల్లో ఆరు రోజులు ఉన్నాం. మూడో రోజు రాత్రి సెలైన్ ఎక్కించే మెషీన్, ఇన్‌ఫ్యూజన్ పంప్, కుయ్ కుయ్‌మని మోగుతోంది, చిన్న పిల్ల, ఇరవై రెండేళ్లు కూడా ఉండవు, వచ్చి బటన్ నొక్కి ఆపేసి వెళ్లిపోయింది. ఐదు నిమిషాలకి మళ్లీ మోగింది. ఆ పంప్‌ని ఎక్కడ పట్టుకోవాలో కూడా నాకు తెలీదు, మేము చేసినప్పుడు డ్రిప్ చాంబర్ కింద వాచీ పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టడమే. కానీ మామయ్య చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది. కానులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టిన చోట పైన ఉబ్బింది, చర్మం బిగుసుకుపోయి చల్లగా ఉంది. పిలిచి చెప్పాను, సిస్టర్, ఇది టిష్యూలోకి పోతోంది, కానులా తీసెయ్యాలి అని. ఆ అమ్మాయి చూసి వెంటనే తీసేసింది, చెయ్యి కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచింది, ఇంకో చేతికి కొత్తది వేసింది. వెళ్తూ వెళ్తూ అడిగింది, మీరు నర్సా అని. నేను కాదన్నాను.

ఎందుకు కాదన్నానో నాకే తెలీదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె దించి చూశాను, ప్రొసీజర్ బుక్కు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మా నాన్న కొనిచ్చిన, యూనిఫాం మీద పిన్నుతో పెట్టుకునే వాచీ, అన్నీ ఉన్నాయి.

రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయాలనుంది. మా ఆయన చెయ్యమనే అంటున్నారు గానీ, ఆయనది షిఫ్ట్ డ్యూటీ. అత్తమ్మ ఏమీ అనట్లేదు, ఆ ఏమీ అనకపోవడమే నాకు టెన్షన్‌గా ఉంది. నా ప్రశ్నలు మూడు. ఇన్నేళ్ల గ్యాప్‌తో సీటు ఇస్తారా, రిజిస్ట్రేషన్ ఎప్పుడో 2010ది ఇంకా పనికొస్తుందా, ఇంట్లో చిన్నపిల్లలు ఉండగా క్లినికల్ పోస్టింగ్స్, అంటే వార్డుల్లో చేసే ప్రాక్టికల్స్, ఎవరైనా నెట్టుకొచ్చారా. నిజం చెప్పండి, నా మనసు బాగుండాలని చెప్పొద్దు.

బొమ్మనహళ్లి సిస్టర్:

చెల్లీ, నీ పోస్ట్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని చదివాను, ఇంటికొచ్చి రాస్తున్నాను. నేను 38 ఏళ్ల వయసులో చేరాను. తొమ్మిదేళ్ల గ్యాప్, ఒకతే కూతురు, అప్పుడు నాలుగో తరగతి. ఇప్పుడు సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్‌ని.

ముందు నీ మొదటి ప్రశ్న. గ్యాప్ ఉందని సీటు ఆగదు. పోస్ట్ బేసిక్‌కు వాళ్లు చూసేది ఇంటర్, జి.ఎన్.ఎం., నర్సు-మిడ్‌వైఫ్‌గా కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మెడికల్ ఫిట్‌నెస్. జి.ఎన్.ఎం. అయితే 35 దాటాక చేరనివ్వరు, చాలామంది ఆ రూల్ విని దీనికీ అదే అనుకుని భయపడతారు. నువ్వు ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేశావు. అయినా కాలేజీల్లో అడిగేటప్పుడు నీ వయసు చెప్పి, ఈ ఏడాది నోటిఫికేషన్ చూపించమని అడుగు.

రెండోది కొంచెం తిరగాల్సిన పని. నువ్వు రిజిస్టర్ అయినప్పుడు ఉమ్మడి రాష్ట్రం, కౌన్సిల్ హైదరాబాద్‌లో ఉండేది. ఇప్పుడు మదనపల్లె వాళ్లకు విజయవాడలో ఉన్న ఆంధ్ర కౌన్సిల్. ముందు అక్కడ రెన్యూవల్ చేయించుకోవాలి, ఆ తర్వాత కర్ణాటకకు ఎన్.ఓ.సి., ఆ తర్వాత ఇక్కడ కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. మనం చదివినప్పుడు లేని ఇంకోటి ఉంది, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ల లైవ్ రిజిస్టర్, ఆధార్‌తో కలిపి ఎన్.యు.ఐ.డి. అని ఒక నంబర్ ఇస్తారు, అదీ చేయించుకోవాలి. ఇక్కడే నాకు రెండు నెలలు పోయింది, ఎందుకంటే నా టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. మన తెలుగు ఆడవాళ్లలో సగం మందికి ఈ చిక్కు ఉంటుంది. నీది ఈ రోజే తీసి చూసుకో. టెన్త్‌లో ఉన్న పేరే అన్నిచోట్లా ఉండేట్టు ఆధార్ మార్పించుకుంటే తేలిక, సర్టిఫికెట్ల మీద పేరు మార్పించడం పెద్ద పని.

ఇక మూడోది. నిజం చెప్పమన్నావు కదా. మొదటి మూడు నెలలు నేను రోజూ ఏడ్చాను. పాఠాలు కష్టమని కాదు. మన జి.ఎన్.ఎం.లో పైపైన చెప్పిన మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ మొదటి ఏడాదిలోనే వచ్చి పడతాయి, వాటితోపాటు మెడికల్ సర్జికల్, చైల్డ్ హెల్త్, మెటర్నల్, అన్నీ. రెండో ఏడాది రీసెర్చ్, స్టాటిస్టిక్స్, అడ్మినిస్ట్రేషన్, ఎడ్యుకేషన్. చదివితే వచ్చేవే అవి. ఏడిపించింది పొద్దున్న ఏడున్నరకు వార్డులో ఉండాలనే ఒక్క సంగతి. పాప బస్సు ఎనిమిదికి. ఆ అరగంట తేడా కోసం ఇల్లంతా మార్చుకోవాల్సి వచ్చింది. పక్కింటి ఆవిడ తన కొడుకుతోపాటు నా కూతుర్నీ బస్సెక్కించేది, ఆవిడ రుణం నేను తీర్చుకోలేను. మొదటి ఇంటర్నల్‌లో మైక్రోకి 50కి 19 వచ్చింది, పక్కన కూర్చున్న పిల్లకు 22 ఏళ్లు, దానికి 41. ఆ పిల్లే తర్వాత నాకు బ్యాక్టీరియా పేర్లు బట్టీ పట్టించింది, నేను దానికి వార్డులో అటెండర్లతో ఎలా మాట్లాడాలో నేర్పించాను.

అటెండెన్స్ మాత్రం గుర్తుపెట్టుకో. ప్రతి సబ్జెక్టులో థియరీకి 80 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏ కారణం చెప్పినా సరే. డిగ్రీ చేతికొచ్చేలోపు క్లినికల్ గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. నా కూతురికి డెంగ్యూ వచ్చి పది రోజులు పోయినప్పుడు, ఆ పది రోజులూ సెలవుల్లో వెళ్లి చేశాను, అందరూ దసరాకి ఊళ్లకు వెళ్తే నేను లేబర్ రూమ్‌లో ఉన్నాను. కాబట్టి నీ సెలవులన్నీ పిల్లల జ్వరాల కోసం దాచిపెట్టుకో, పెళ్లిళ్లకు పేరంటాలకు వాడొద్దు.

ఇంకొక్క మాట, కాదన్నాను అన్నావే, అది చదివి నా గుండె కలుక్కుమంది. చల్లగా ఉంది, ఉబ్బింది అని చేత్తో పట్టుకుని చెప్పినది నర్సు కాకపోతే ఇంకెవరు?

కె.ఆర్.పురం అమ్మ:

అక్కా, థాంక్స్ అంటే చాలా చిన్న మాట. ఇప్పుడే చూశాను, టెన్త్‌లో మా నాన్న ఇంటిపేరు, ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంటిపేరే లేదు. రేపే ఆధార్ సెంటర్‌కి వెళ్తాను.

ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు, ఎక్కడో నా నంబర్ పట్టుకుని. చిన్నపిల్లలు ఉన్నారు కదా మేడమ్, మీరు కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం అంటున్నాడు. దాచుకోకుండా చెప్తున్నాను, ఒక్క నిమిషం మనసు లాగింది. ఇలాంటివి నిజంగా ఉంటాయా?

చింతామణి దారిలో:

మేడమ్, దయచేసి ఆ ఫోన్ నంబర్ బ్లాక్ చెయ్యండి. నా కథ చెప్తాను, ఎవరి పేరూ రాయను.

నేను ఇలాగే చేరాను, మా బాబు అప్పుడు ఒడిలో పిల్లాడు. నాన్ అటెండింగ్ అన్నారు. మొదటి ఏడాది ఫీజు మొత్తం, ఒరిజినల్స్ అన్నీ ఏజెంట్ చేతికే ఇచ్చాను. ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లాను. లాగ్ బుక్‌లో నేను చూడని కేసులు, నేను వెయ్యని కాథెటర్లు, నేను చెయ్యని డెలివరీలు నా పేరు మీద ఎవరో రాసి సంతకాలు పెట్టారు. అప్పుడు నాకు అది సుఖంగానే అనిపించింది. పరీక్షల ముందు అటెండెన్స్ తక్కువని హాల్ టికెట్ రాలేదు, ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు, సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను. డబ్బు పోయింది, ఏడాది పోయింది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి. ఆ గొడవ మధ్యలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరితే, మొదటి వారంలో ఒక పెద్దాయనకు ముక్కులోంచి కడుపులోకి వేసే నాసోగ్యాస్ట్రిక్ ట్యూబ్ వెయ్యమన్నారు. నా చేతులు వణికాయి. లాగ్ బుక్ ప్రకారం నేను అది పదిసార్లు వేశాను. నిజానికి ఒక్కసారి కూడా వెయ్యలేదు, జి.ఎన్.ఎం. తర్వాత. నేను వెయ్యలేనని చెప్పి పక్కకు జరిగాను. ఆ పెద్దాయన కళ్లు నన్నే చూస్తున్నాయి.

తర్వాత వేరే కాలేజీలో మామూలుగా చేరి, రోజూ వెళ్లి, పూర్తి చేశాను. కష్టం పడాల్సిన చోట పడ్డాను. రోగి మన చేతిలో ఉంటాడు మేడమ్, సంతకాల చేతిలో కాదు.

బేగూరు ట్యూటర్:

నేను నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్తాను, పదకొండేళ్లుగా. పైన రాసినావిడ చెప్పింది అక్షరాలా నిజం. చేరే ముందు మూడు చోట్ల చూడండి: రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, అదే జయనగర్ నాలుగో టి బ్లాక్‌లో ఉన్నది, వాళ్ల అఫిలియేటెడ్ కాలేజీల జాబితాలో పోస్ట్ బేసిక్ కోర్సుకు ఆ కాలేజీ పేరు ఉందా లేదా. బి.ఎస్సీ.కి ఉండి పోస్ట్ బేసిక్‌కు లేకపోవచ్చు, కోర్సు పేరు చూసుకోండి. కర్ణాటక కౌన్సిల్ గుర్తింపు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సంగతి కూడా అడగండి. తర్వాత కాలేజీకి ఒక పని రోజున పొద్దున్నే వెళ్లి, పిల్లలు ఏ హాస్పిటల్‌కి పోస్టింగ్‌కి వెళ్తున్నారో అక్కడే అడగండి. ఆఫీసు గదిలో చెప్పేదాని కంటే బస్సు దగ్గర నిలబడ్డ విద్యార్థులు చెప్పేదే అసలు సంగతి.

ఇప్పుడు గ్యాప్ గురించి. గ్యాప్ తర్వాత వచ్చేవాళ్లను నేను ఏటా చూస్తాను. వాళ్లకు మర్చిపోయినవాటితో పెద్ద ఇబ్బంది రాదు. గట్టిగా గుర్తుండి, ఇప్పుడు మారిపోయినవాటితోనే వస్తుంది. ఉదాహరణకు సి.పి.ఆర్., గుండె ఆగినవాళ్లకు చేసేది. మీ బ్యాచ్‌కి ఎయిర్‌వే (శ్వాసదారి), బ్రీతింగ్ (శ్వాస), సర్క్యులేషన్ (రక్తప్రసరణ) అనే వరసలో నేర్పారు కదా. 2010 చివర్లో ఆ వరస మారింది. ఇప్పుడు పెద్దవాళ్లకు ముందు ఛాతీ మీద నొక్కడమే, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా ఆరు దాటకుండా, 30 నొక్కులకు 2 శ్వాసలు. పాత వరస వేళ్లలో ఉండిపోయిన అక్కలు మానికిన్ బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని అలవాటుగా తల వెనక్కి వంచి నోరు తెరుస్తారు. నేను ఏమీ అనను, మళ్లీ మొదలుపెట్టమంటాను, నాలుగోసారికి చేతులు ఛాతీ మీదికే వెళ్తాయి. చేరడానికి ముందే ఒక బి.ఎల్.ఎస్. (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు చేసెయ్యండి, ఒక్క రోజు పని, సర్టిఫికెట్ రెండేళ్లు ఉంటుంది.

వ్యర్థాల సంచులు కూడా అంతే. మీరు నేర్చుకున్నది 1998 రూల్స్, అందులో నల్ల సంచి కూడా ఉండేది. 2016 రూల్స్‌తో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. సూదులూ బ్లేడ్లూ తెల్ల డబ్బాలోకి, సెలైన్ ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గాజు వయల్స్ నీలం డబ్బాలోకి. టీకాల పట్టిక చూస్తే మీకు వేరే దేశం అనిపిస్తుంది, కానీ మీ పాపకు వేయించిన కార్డు ఇంట్లోనే ఉంటుంది, తీసి చదవండి. పెంటావాలెంట్, రోటా, ఐ.పి.వి., ఎం.ఆర్., ఇవన్నీ మీరు నర్సుగా చూడలేదు, తల్లిగా చూశారు. కమ్యూనిటీ హెల్త్ పేపర్‌కు ఆ కార్డే మీ మొదటి నోట్సు.

ఇంకొకటి, ఇది ఎవరూ ముందు చెప్పరు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మీకు ఎప్పుడో వేసి ఉంటే యాంటీబాడీ టైటర్ (టీకా రక్షణ ఇంకా ఎంత ఉందో చూసే రక్త పరీక్ష) చేయించండి, 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చాలు. వెయ్యకపోతే ఇప్పుడే మొదలుపెడితేనే పోస్టింగ్స్ నాటికి పూర్తవుతుంది. ఇంట్లో పిల్లలున్న తల్లి టీకా లేకుండా సూదుల మధ్య తిరగడం నాకు నచ్చదు.

మీ చుక్కల లెక్క మర్చిపోలేదు కదా? 500 ఎం.ఎల్. సెలైన్, 8 గంటల్లో వెళ్లాలి, సెట్ ఎం.ఎల్.కు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని? జవాబు ఇక్కడే రాయండి, పుస్తకం చూడకుండా. పంప్ వాడటం అరగంటలో వస్తుంది, లెక్క తెలిసినవాళ్లకే పంప్ మీద పడ్డ తప్పు అంకె కనిపిస్తుంది.

మారతహళ్లి ఓబుళేసు:

నేను నర్సును కాదు, నర్సు భర్తను. మా ఆవిడ రెండేళ్ల కిందట పోస్ట్ బేసిక్ పూర్తి చేసింది. మగవాళ్ల వైపు నుంచి ఒక్కటి రాయాలనిపించింది, మీ ఆయనకు చూపించండి.

చెయ్యి అని అనడం నేనూ అన్నాను. అనడం చాలా తేలిక. మొదటి నెలలో నేను చేసిన సాయం ఏంటంటే, ఏం చెయ్యాలో చెప్పు చేస్తాను అనడం. ఆమె పొద్దున్న నాలుగున్నరకు లేచి చదువుకోవాల్సిన టైంలో, నాకు ఉప్మా రవ్వ ఎక్కడుందో, పెద్దోడి సాక్సులు ఎక్కడున్నాయో చెప్తూ కూర్చునేది. ఒక రోజు కేర్ ప్లాన్ రాస్తూ రాస్తూ అలాగే నిద్రపోయింది, పెన్ను చేతిలోనే ఉంది, నోట్సు మీద గీత ఒకటి కిందిదాకా జారిపోయింది. ఆ గీత చూశాక నేను మారాను. టిఫిన్, బాక్సులు, స్కూలు డైరీ, ఈ మూడూ పూర్తిగా నావి, ఆమెను అడగకూడదు అని పెట్టుకున్నాను. మొదట్లో మాడాయి, పిల్లలు తిన్నారు. మా అమ్మ రెండు నెలలు ముభావంగా ఉంది. తర్వాత ఆమే కోడలి యూనిఫాంకు గంజి పెట్టి ఆరేసేది, నేను అడగలేదు, ఎవరూ అడగలేదు.

షిఫ్ట్ డ్యూటీ అంటున్నారు కాబట్టి నెల రోస్టర్ రాగానే కూర్చుని, ఆయన నైట్ ఉన్న రోజులు మీ పోస్టింగ్స్‌తో పెట్టి చూసుకోండి. ఇద్దరూ పొద్దున్నే లేని రోజులు నెలలో ఐదో ఆరో ఉంటాయి, వాటికి మాత్రం మనిషిని ముందే చూసుకోవాలి. మెట్రో పర్పుల్ లైన్ వచ్చాక కె.ఆర్.పురం నుంచి రాకపోకలు తేలికయ్యాయి, కాలేజీ మెట్రో దారిలో ఉంటే సగం భారం తగ్గుతుంది, ఫీజు కొంచెం ఎక్కువైనా సరే. మేము ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం, నాలుగు లక్షల లోపు కాబట్టి తాకట్టు అడగలేదు.

నైట్ డ్యూటీ నాగమణి:

అందరూ చేరమంటున్నారు, నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

నేనైతే ముందు డ్యూటీలో చేరమంటాను. ఒక ఆరు నెలలు, ఏదైనా వంద పడకల హాస్పిటల్లో, వార్డులో. జీతం పెద్దగా ఉండదు, 22 ఏళ్ల పిల్లలు మీకు పని చెప్తారు, అది ఓర్చుకోవాలి. కానీ మీరు రాసిన ఆ పంప్ భయం తరగతి గదిలో పోదు. రెండేళ్ల ఫీజు కట్టాక, ఈ ఉద్యోగం నా ఒంటికి పడదని తెలిస్తే ఎలా? మోకాళ్లు, నడుము, నైట్లు, 36లో అవి 22లో ఉన్నట్టు ఉండవు. ముందు తెలుసుకుని చేరండి. ఇంకో దారి కూడా ఉంది, రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో పోస్ట్ బేసిక్ ఉంది, ఎంట్రన్స్ రాయాలి, మూడేళ్లు పడుతుంది. ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పెట్టింది అది. జీతం వస్తూ చదువుకోవచ్చు.

గవర్నమెంట్ ఉద్యోగం దృష్టిలో ఉంటే కూడా నిజం తెలుసుకోండి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు మామూలుగా 30 ఏళ్లే, రిజర్వేషన్ సడలింపులు వేరు. ఆ తలుపు మనకు దాదాపు మూసుకుపోయినట్టే. ప్రైవేట్‌లో మాత్రం ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, డయాలసిస్, క్వాలిటీ, ట్యూటర్ ఉద్యోగం, వీటికి డిగ్రీ ఉంటే దారి ఉంది. ట్యూటర్ మేడమ్ ఏమంటారో.

బేగూరు ట్యూటర్:

నాగమణిగారూ, మీ మాట కొట్టెయ్యను. ఒక్కటే అంటాను, ఆరు నెలలు అనుకుని చేరినవాళ్లు ఆరేళ్లు అక్కడే ఉండిపోవడం కూడా చూశాను, ఎందుకంటే జీతానికి ఇల్లు అలవాటు పడిపోతుంది. ఆవిడ రిజిస్ట్రేషన్ బదిలీకి ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది. అది చేతికొచ్చి, అడ్మిషన్ల దాకా ఏమైనా నెలలు మిగిలితే వాటిలో డ్యూటీ చేస్తే మీరన్నది, నేనన్నది రెండూ అవుతాయి.

బొమ్మనహళ్లి సిస్టర్:

నాగమణి చెప్పిన నడుము సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. చెల్లీ, ఇప్పటి నుంచే రోజూ నడువు.

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను, భాష. వార్డులో కన్నడం కావాలి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, నోవు ఎల్లిదె (నొప్పి ఎక్కడుంది), ఊట ఆయ్తా (భోజనం అయిందా), మాత్రె తగొండ్రా (మాత్ర వేసుకున్నారా), ఈ మూడింటితో రోజు గడుస్తుంది, కానీ రోగి మొహంలో తేడా వెంటనే కనిపిస్తుంది. కమ్యూనిటీ పోస్టింగ్‌కి మమ్మల్ని చింతామణి వైపు తీసుకెళ్లారు, అక్కడ సగం ఇళ్లలో తెలుగే. బాచ్‌లో కేరళ పిల్లలు, మణిపూర్ పిల్లలు ఉన్నారు, వాళ్లు నా వెనకే నడిచారు. ఒక ముసలామె బి.పి. మాత్ర ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదట, నేను అవ్వా అని పిలవగానే అరుగు మీద కూర్చోబెట్టి, మాత్ర వేసుకుంటే తల తిరుగుతోందని, కోడలికి చెప్తే ఖర్చని డాక్టరు దగ్గరికి వెళ్లలేదని, అంతా చెప్పింది. ఆ రోజు మా టీచర్ ఆ ఇంటి గురించి నేను రాసిన ఫ్యామిలీ ఫోల్డర్‌ని క్లాసులో చదివి వినిపించింది. మైక్రోలో 19 వచ్చిన నాదే.

కె.ఆర్.పురం అమ్మ:

నాలుగు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఏం జరిగిందో చెప్తాను.

ఆధార్‌కు అప్లై చేశాను. ఏజెంట్ నంబర్ బ్లాక్ చేశాను. చింతామణి దారిలో గారూ, మీరు రాసిన ఆ పెద్దాయన కళ్ల గురించి నేను రెండు రోజులు ఆలోచించాను, మీరు అంత నిజం రాసినందుకు మీకు నమస్కారం. ఓబుళేసుగారి పోస్ట్ మా ఆయనకు చూపించాను, ఏమీ మాట్లాడలేదు, మర్నాడు పొద్దున్నే లేచి పాప జడ వెయ్యడానికి కూర్చున్నారు. జడ నిలవలేదు, పాప అలాగే వెళ్లింది స్కూలుకి.

హెపటైటిస్ బి నాకు చదివేటప్పుడు రెండు డోసులే వేసినట్టు గుర్తు, కాగితం లేదు. శనివారం వెళ్లి డాక్టరుని అడిగాను, టైటర్‌కు రక్తం ఇచ్చాను.

ట్యూటర్ మేడమ్, మీ లెక్క. 500ని 20తో గుణిస్తే 10,000, ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, 20.8 వస్తుంది, అంటే 21 చుక్కలు. పుస్తకం చూడలేదు. మా బాబు పక్కనే ఉన్నాడు, అమ్మా ఇది నాకు రాని లెక్కలా ఉంది అన్నాడు. సీసాకి చిన్న బెజ్జం పెట్టి నీళ్లు పోసి సింకు మీద వేలాడదీశాం, వాడు ఫోన్లో టైమర్ పెట్టి నిమిషం అనగానే నేను నా పాత వాచీతో లెక్కపెట్టాను. వాచీకి కొత్త బ్యాటరీ వేయించాను. బెజ్జం పెద్దదై మొదట 60 పైన పడ్డాయి, మైనం పెట్టి పెట్టి 23 దాకా తెచ్చాం. అత్తమ్మ వంటింట్లోకి వచ్చి చూసి, నీళ్లు వృథా చెయ్యకుండా కింద గిన్నె పెట్టుకోండి అంది, గిన్నె తనే తెచ్చి పెట్టింది.

అడ్మిషన్ల దాకా టైం మిగిలితే నాగమణిగారు చెప్పినట్టు డ్యూటీ చూస్తాను, కానీ చదువు మాత్రం ఆపను. విజయవాడ కౌన్సిల్‌కు ఫోన్ చేసి కావాల్సిన కాగితాలు రాసుకున్నాను. ఒక్క భయం ఉంది. 2010లో మా నాన్న నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పాడవకూడదని ల్యామినేషన్ చేయించారు. అలాగే ఇస్తే తీసుకుంటారా, లేక ఊడదీయాలా?

బొమ్మనహళ్లి సిస్టర్:

ఊడదీయకు, అక్షరాలు కాగితంతోపాటు లేచిపోతాయి. నాదీ ల్యామినేషనే, అలాగే తీసుకున్నారు. రెండు వైపులా కలర్ జిరాక్స్ మూడు కాపీలు తీసి వేరే కవర్లో పెట్టుకో, ఒరిజినల్ చేతి సంచిలోనే ఉంచుకో, బస్సులో పైన పెట్టకు.